ఆదివారం దాకా ఆగమన్న దస్తగిరి

మా ఆయన దస్తగిరి చనిపోయాడు. ఈ మాట నా నోటి నుంచి వస్తుంటే కాగితం మీద పెడుతున్నది కుట్టు అంగడి నాగూరు కూతురు షబానా. నాకు సంతకం పెట్టేంత వరకే చదువు. పెద్ద మాటలు రాయగలిగినవాళ్ళు ఆయన మీద వేస్తున్న ఈ పుస్తకం ముందు పేజీల్లో రాశారు. సంగీత రసజ్ఞుడనీ, విమర్శక శిరోమణి అనీ, ఇటలీ దేశపు పాట లోతు తెలిసిన ఏకైక తెలుగువాడనీ. షబానా చదివి వినిపించింది. బాగున్నాయి. నేను చెప్పేది వాటి తర్వాత చదవండి.

ఆ గురువారం మధ్యాహ్నం రాస్ అల్ ఖైమాలో మా గదిలో పద్నాలుగు క్యారేజీలకు అన్నం సర్దుతున్నాను. టైల్సు ఫ్యాక్టరీలో ఆయనతోపాటు పనిచేసే రాజన్న ఫోను చేశాడు. జగిత్యాల మనిషి, ఫోర్క్‌లిఫ్టు నడుపుతాడు. ఎప్పుడు చేసినా కూర ఏమిటని అడిగేవాడు. ఆ రోజు "వదినా, ముందుగాల పొయ్యి బంద్ చెయ్యి" అన్నాడు. ఆ ఒక్క మాటతోనే నాకు తెలిసిపోయింది. పొయ్యి ఆర్పాను. ఆ తర్వాత రాజన్న చెప్పింది ఏదీ నా చెవిలోకి పోలేదు.

తర్వాత తెలిసింది ఇది. కొలిమిలో కాలి బయటికి వచ్చిన టైళ్ళను వేలి కణుపుతో కొట్టి, మంచివీ పగిలినవీ వేరుచేయడం ఆయన పని. ఒకటి మోగించి మంచి వరసలో పెట్టాడట. రెండోది చేతిలోకి తీసుకుని కుర్చీలో కూర్చున్నాడట. అంతే, ఖలాస్. ఆ రెండోది మంచిదో కాదో ఇప్పటికీ ఎవరికీ తెలియదు.

శుక్రవారం నమాజు కాగానే ఖననం చేశారు. మట్టి వేసింది రాజన్న, నాగూరు, ఇంకా ఫ్యాక్టరీ వాళ్ళు. ఆడవాళ్ళం పోలేదు. పంతొమ్మిదేళ్ళు ఆయనకు భార్యగా ఉన్న నాకు పిడికెడు మన్ను వేసే భాగ్యం లేదు. ఆదివారం ఆదివారం పక్కన కూర్చుని పాటలు విన్నవాళ్ళకు ఉంది. ఈ కడుపుమంట దాచుకోను. దాచుకుంటే ఈ వ్యాసం అబద్ధం అవుతుంది.

ఆయన గురించి తెలియనివాళ్ళకు చెప్పాలి. మాది కడప జిల్లా. వాళ్ళది సన్నాయి ఊదే ఇల్లు. మామ పేరు చెబితే నాలుగు ఊళ్ళలో పెళ్ళి ముహూర్తాలు పెట్టుకునేవారు. మా ముస్లింలలో పాట వినకూడదనేవాళ్ళు ఉన్నారు. మా అత్తగారి ఇంట్లో మాత్రం ఆ వాదు ఎన్నడూ లేదు, ఎందుకంటే ఆ ఇల్లు తిన్న అన్నమే పాట పెట్టింది. మా ఆయనకు పదహారో ఏట ఊపిరితిత్తులకు జబ్బు చేసింది. ఊదడం మానిపించారు. చెవి మాత్రం మిగిలింది. ఆ చెవితోనే దుబాయ్ వచ్చి, అక్కడి నుంచి రాస్ అల్ ఖైమా టైళ్ళ ఫ్యాక్టరీలో చేరాడు. పైకి అద్దంలా ఉన్న టైలును కూడా ఒక్కసారి తట్టి "మోగదు" అని పక్కన పెట్టేవాడట. ముదీర్, అంటే అక్కడి మేనేజరు, నమ్మక పగలగొట్టి చూస్తే లోపల వెంట్రుకంత బీట ఉండేదట. మంచిదైతే "మోగుతాది" అనేవాడు. ఈ రెండు మాటలూ గుర్తుపెట్టుకోండి.

ఆ ఫ్యాక్టరీ కొలిమి ఇటలీది. దాన్ని నిలబెట్టడానికి వచ్చిన మార్చెల్లో అనే ముసలాయన ఎనిమిది నెలలున్నాడు. మా ఆయన టైలు తట్టడం చూసి, ఈ చెవికి నా పాటలు వినిపించాలి అనుకున్నాడట. తన గదికి తీసుకుపోయి వినిపించాడు. తిరిగి పోయేటప్పుడు పాటల యంత్రాన్నీ, అరవైకి పైగా సీడీలున్న ఒక అట్టపెట్టెనూ ఇచ్చి పోయాడు. అందులో సగం, పాట రాసేది, బాణీ కట్టేది, పాడేది అంతా ఒక్కరే అయినవాళ్ళవి. ఆ దేశంలో అలాంటివాళ్ళకు పెద్ద గౌరవమట. మిగతా సగం రాక్ గుంపులవి, జుట్టు పెంచుకుని గిటార్లు, డ్రమ్ములు, బీరువా అంత పెద్ద హార్మోనియంలాంటి ఆర్గన్ వాయించేవాళ్ళవి.

పెళ్ళయిన పదేళ్ళకు నాకు వీసా వచ్చింది. పిల్లలు లేరు, అత్త పోయింది, వచ్చేశాను. వచ్చేసరికి గదిలో నాకంటే ముందు ఆ పెట్టె ఉంది. కిటికీ పక్కన బల్ల మీద, ఎండ తగలకుండా గుడ్డ కప్పుకుని కూర్చుంది. నా పెట్టె మంచం కిందికి పోయింది. పాటగాళ్ళ పేర్లు నాకు నోరు తిరగవు. అట్టల మీది బొమ్మలను బట్టి పేర్లు పెట్టుకున్నాను. గొడుగాయన, మీసాలాయన, గుర్రం గుంపు, నల్లకోటామె. ఆయన కూడా అవే పేర్లు వాడేవాడు. మా ఇంట్లో అందరికంటే ఎక్కువ వినిపించిన పేర్లు అవే.

కరోనా తగ్గాక నెల్లూరు నాగూరు కుట్టు అంగడి తెరిచాడు. ఆదివారం సెలవు కాబట్టి ఆ అంగడి వెనక గదిలో పాటల కచేరీ మొదలైంది. ఆరుగురో ఏడుగురో కూర్చునేవాళ్ళు. ఒక సీడీ మొత్తం వినేవాళ్ళు. తర్వాత అందరూ ఆయన వైపు చూసేవాళ్ళు. ఆయన తల ఊపి "ఆదివారం దాకా ఆగండి" అనేవాడట. సీడీ ఇంటికి తెచ్చుకునేవాడు. మళ్ళీ ఆదివారం ఒక్క మాట చెప్పేవాడట. ఆ మాట వారమంతా ఫ్యాక్టరీలో, పనివాళ్ళ క్యాంపులో తిరిగేదట. ఇవన్నీ నాకు తెలియవు. ఆడవాళ్ళకు ఆ గదిలో చోటు లేదు. ఆదివారం సాయంత్రం ముఖం వెలిగిపోతూ వచ్చే మనిషికి అన్నం పెట్టడం వరకే నా వంతు. "ఏం మాట్లాడుకున్నారు అంతసేపు?" అంటే "ఏముంటాది మే, పాటలే" అనేవాడు. నాతో రోజుకు పది మాటలు మాట్లాడని మనిషి అక్కడ ఏం మాట్లాడుతున్నాడో అని నేను ఏడ్చిన ఆదివారాలు ఉన్నాయి.

నలభయ్యో రోజున నాగూరు అంగడిలో సంతాప సభ పెట్టారు. నేను ఇద్దత్‌లో ఉన్నాను. మొగుడు పోయిన ఆడది నాలుగు నెలల పది రోజులు గడప దాటకూడదు, పరాయి మగవాళ్ళ ఎదుటికి రాకూడదు. అందుకని షబానా నా పక్కన కూర్చుని ఫోను స్పీకరు పెట్టింది. అటువైపు వాళ్ళు మాట్లాడుతుంటే ఇటువైపు నేను కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వింటున్నాను.

మొదట నాగూరు లేచాడు. "దస్తగిరన్న లాంటి నోరు ఇంకొకటి పుట్టదు" అన్నాడు. "గుర్రం గుంపు సీడీ గుర్తుందా? పాట మొదలుకాకముందే పదకొండు నిమిషాలు ఆర్గనే వాయిస్తారు చూడండి. దానికి అన్న ఏమన్నాడు? ఆకేసి గంటైనా అన్నం రాని పెళ్ళి అన్నాడు!"

అందరూ నవ్వారు. నేను కూడా నవ్వబోయాను. సగంలో నవ్వు ఆగిపోయింది. ఎక్కడో విన్న మాట.

రాజన్న అందుకున్నాడు. "గొడుగాయన సంగతి జెప్పనా? గిటారొక్కటి పట్టుకొని మెల్లగ పాడ్తడు గదా. అన్న ఏమన్నడంటే, గీయన పాడ్తలేడు, గోడ మీద మోచేతులు పెట్టి పక్కింటామెతోని ముచ్చట పెడ్తుండు, గోడ దిగిండంటే పాట ఖతం అన్నడు. గాయన గోడ దిగిండు కూడా! తర్వాత సీడీల నలభై ఫిడేళ్ళు పెట్టుకున్నడు. దానికి అన్న ఏమన్నడు?"

గదిలో అందరూ ఒక్కసారిగా అరిచారు. "ఎండుచేప మీద నెయ్యి పోసినారు!"

షబానా నా వైపు చూసింది. "ఏంది పెద్దమ్మా, నువ్వు నవ్వడం లేదే?"

ఇంకో గొంతు ఎవరిదో, కుర్రవాడిది. "డ్రమ్ముల వాడికి చెప్పింది మరిచిపోయారా? చింతకాయ దంచే ఆడమనిషికి ఎక్కడ ఆపాలో తెలుస్తాది, వీనికి తెలీదు, గింజలు కూడా పిండి చేసినాడు అన్నాడు."

ఆ చింతకాయ నేను దంచింది. ఆ రోజు రోలు ముందు కూర్చున్నది నేను. ఆయన పక్కన పీట మీద కూర్చుని యంత్రం పెట్టాడు. "ఏమ్మే, ఎట్లుంది?" అని అడిగాడు. చెయ్యి నొప్పి పుట్టి, ఆ డబడబలకు తల తిరిగి, నేను ఆ మాట అన్నాను. గొడుగాయన మాట నేను ఉల్లిగడ్డ తరుగుతూ అన్నాను. పెళ్ళి మాట మా ఆడబిడ్డ పెళ్ళి తలుచుకుని అన్నాను. ఎండుచేపకు నెయ్యి మాట అన్నప్పుడు పెనం మీద ఎండుచేపే ఉంది.

సీడీ ఇంటికి తెస్తే వారమంతా నేను వంట చేసే పొద్దులోనే పెట్టేవాడు. సగం పాటలో "ఎట్లుంది?" అనేవాడు. నన్ను ఎగతాళి చేస్తున్నాడనుకునేదాన్ని. ఒంటికి కారం రాసుకున్నట్టుండేది. అందుకే వాటన్నిటికీ తిట్లే పెట్టాను. ఆయన తల ఊపి ఊరుకునేవాడు. ఒక్కసారి మాత్రం అన్నాడు. "నాకు వినబడతాది మే. చెప్పను రాదు." సన్నాయి వాళ్ళ ఇంట్లో నోరు ఊదడానికే, మాటకు కాదు, అందుకే ఇంత మూగ మనిషి అనుకుని ఆ మాటను వదిలేశాను.

సభ అయ్యే లోపల ఎన్ని మాటలు చెప్పుకున్నారో అన్నీ నావే. ఇన్నాళ్ళూ ఆ పెట్టె మీద, ఆ పాటగాళ్ళ మీద, ఆ ఆదివారాల మీద కుళ్ళుకున్నాను. ఆ రోజు నుంచి చచ్చిపోయిన నా మొగుడి మీదనే కుళ్ళు పుట్టింది. ఆ చప్పట్లు ఆయన పట్టుకుపోయాడు. మెతుకుల చేతితో తలుపు తీసిన నన్ను చూసి, ఇంత నోరున్న మనిషికి ఈ ఆడమనిషి ఎట్లా దొరికిందో అని ఆ మగవాళ్ళు జాలిపడి ఉంటారు కూడా.

మరునాడు నాగూరునూ రాజన్ననూ పిలిపించాను. తలుపుకు పరదా వేసి ఇటువైపు నేను కూర్చున్నాను.

"నాగూరూ, ఆకేసిన పెళ్ళి మాట ఎవరిది?"

"దస్తగిరన్నదే గదా వదినా! నా అంగట్లో ఈ చెవులతో విన్నా."

"పాట విన్న దినానే చెప్పినాడా?"

"లేదులే. అన్న ఎప్పుడూ ఆ రోజే చెప్పడు గదా. ఆదివారం దాకా ఆగండి అంటాడు. అంత తూకంగా ఆలోచించే మనిషి ఇంకెవరున్నారు వదినా?"

"ఆ ఆరు దినాలు ఆ పాట యాడ మోగింది?"

పరదా అవతల నుంచి రాజన్న గొంతు నేలకు దిగిపోయి వచ్చింది. "వదిన వంటకాడ."

"చింతకాయ ఎవరు దంచినారు, మీ అన్నా?"

రాజన్న ఉన్నట్టుండి నవ్వాడు. నవ్వుతూనే ఏడ్చాడు. "ఓరి దస్తగిరన్నా! మమ్ముల మస్తు ఆడిచ్చినవ్ గదనే. నాలుగేండ్లు వదిన నోరు మోస్కొచ్చి మా ముందట పెట్టినవా!"

నాగూరుకు నవ్వు రాలేదు. "వదినా, అందరికీ గుర్తున్న అన్న మాటలన్నీ పోగేసి పుస్తకం వేస్తున్నాం. పేరు కూడా దస్తగిరి మాటలు అని పెట్టేశాం. ఇప్పుడు ఎట్టా?"

"ఆయన మాటలు రెండే నాగూరూ. మోగుతాది, మోగదు. తక్కినవి నావి."

"మరి నల్లకోటామె మాట కూడా నీదేనా?" అని అడిగాడు నాగూరు.

ఆ మాట ముందురోజు సభలో రాజన్న చెప్పాడు. అది విన్నప్పుడే నాకు నిజమైన దెబ్బ తగిలింది. ఇంతసేపూ చెప్పకుండా దాటేసింది దాన్నే.

నల్లకోటామె సీడీ అట్ట మీద సముద్రం ఒడ్డున కురచ జుట్టుతో ఒక ఆడమనిషి నిలబడి ఉంటుంది. ముఖం ఇటు తిప్పదు. పియానో వాయిస్తూ తన పాటలు తానే పాడుతుంది. ఆ సీడీని ఆయన నా ముందు పెట్టేవాడు కాదు. నేను క్యారేజీలు ఇచ్చి వచ్చేసరికి మెట్ల మీదికే వినిపించేది. లోపలికి వస్తే ఆయన కళ్ళు మూసుకుని కూర్చుని ఉండేవాడు. కాళ్ళూ చేతులూ కదిలేవి కావు. తక్కిన పాటలకు వేళ్ళతో తొడ మీద తట్టేవాడు. ఈమెకు తట్టేవాడు కాదు. నాకు తెలుసు ఆయన తట్టడం ఎప్పుడు మానేస్తాడో. పగులు వెతకనక్కరలేదు అనుకున్నప్పుడు మానేస్తాడు.

ఇంకో సంగతి. పని నుంచి వచ్చి చేతులు సబ్బుతో రుద్ది, తుడుచుకుని, అప్పుడు ఆ పెట్టె ముట్టేవాడు. నల్లకోటామె అట్ట మీద మాత్రం తెల్ల బంకమట్టి వేలిముద్ర ఉంది. చేతులు కడుక్కునే ఓపిక కూడా లేకపోయిందన్నమాట. ఆ ముద్ర నేను తడిగుడ్డతో తుడిచాను. పోలేదు. మళ్ళీ తుడిచాను. నా పంతొమ్మిదేళ్ళ కాపురంలో, వచ్చీ రాగానే చేతులు కడుక్కోకుండా నన్ను ముట్టుకున్న రోజు ఒక్కటి లేదు.

ఆ సీడీ అంగడికి పోయింది. వాళ్ళు విన్నారు. ఇంటికి తెచ్చి మొదటిసారిగా నా ఎదురుగా పెట్టాడు. "ఎట్లుంది?" అన్నాడు.

"పచ్చిది" అన్నాను. "కొలిమికి పోకుండానే బయటపడిన టైలు. వేలు పెడితే మెత్తగా దిగిపోతాది. ఏడుపు తప్ప ఏముండాది దాంట్లో?"

వారం తిరిగాక మళ్ళీ పెట్టాడు. మళ్ళీ అడిగాడు. అదే చెప్పాను. మూడో వారం కూడా అడిగాడు. అప్పుడు గిన్నె నేలకేసి కొట్టి "ఎన్నిసార్లు చెప్పల్ల? పచ్చిది, పచ్చిది, పచ్చిది!" అన్నాను.

పరదా ఇవతల నుంచి అడిగాను. "నాగూరూ, నల్లకోటామె మాట చెప్పడానికి ఎన్ని ఆదివారాలు పట్టింది మీ అన్నకు?"

నాగూరు ఆలోచించి చెప్పాడు. "ఆ ఒక్కదానికే మూడు వారాలు ఆగమన్నాడు వదినా. మాకు బాగా నచ్చింది ఆ పిల్ల పాట. అన్న ఏమంటాడో అని చూశాం. మూడో ఆదివారం తల వంచుకుని, కాల్చని టైలు అన్నాడు. ఆయనే అన్నాక మేం ఇంకెందుకు వింటాం? ఆ డబ్బా మళ్ళీ ముట్టలేదు."

మూడు వారాలు ఆగాడు. నేను మాట మారుస్తానేమో అని చూశాడు. మార్చలేదు. తన చెవి చెప్పింది పక్కన పెట్టి, నా అబద్ధం మోసుకుపోయి నలుగురిలో తన పేరుతో చెప్పాడు. జీవితమంతా ఒక్క పగిలిన టైలును మంచి వరసలో పెట్టని మనిషి, ఒక్క మంచిదాన్ని పగిలినవాటిలో వేయని మనిషి, నా కోసం ఆ ఒక్కటి వేశాడు. ఎందుకు వేశాడో నాకు చెప్పలేదు. చెప్పను రాదు గదా ఆయనకు.

ఆ రోజు నుంచి ఇద్దత్‌లో మధ్యాహ్నం పూట తలుపు వేసుకుని నల్లకోటామెను వింటున్నాను. మొదటి రోజు అట్ట చూసి తిట్టాను. రెండో రోజు కూడా తిట్టాను. మూడో రోజు, ఆమె పాట మధ్యలో ఊపిరి తీసుకోవడం వినిపించింది. దాచుకోలేదు. మా మామ అనేవాడట, ఊపిరి తీసేది వినపడితే సన్నాయి తప్పు అని. ఈమె తీసుకుంది, నేను విన్నాను, పాట ఎక్కడా తెగలేదు. అప్పుడు నా నోటికి ఒక మాట వచ్చింది. మంచి మాటే. అంగడిలో చెబితే వారమంతా తిరిగే మాట. ఆ పీట వైపు చూశాను. ఎట్లుంది అని ఎవరూ అడగలేదు. మింగేశాను.

దస్తగిరి పోవడం అంటే ఏమిటో నాకు అప్పుడు తెలిసింది. నోరు నాకు ఇప్పటికీ ఉంది. అడిగేవాడు లేడు. నా మాట బయటికి మోసుకుపోయి, నలుగురి మధ్య పెట్టి, నవ్వించి, నాకు చెప్పకుండా సంతోషంగా ఇంటికి వచ్చి అన్నం తినే మనిషి ఈ భూమి మీద మళ్ళీ దొరకడు. విమర్శక శిరోమణి పోయాడని ఏడ్చేవాళ్ళు ఏడవండి. ఆయన నన్ను ఎన్నడూ మోగుతావు అనలేదు. ఆ బాధ నాకు పోదు. కానీ వంట దగ్గర పీట వేసుకుని నాలుగేళ్ళు నన్ను మోగించింది ఆయనే.

నాగూరూ, రాజన్నా, ఈ పుస్తకం మీరు దిద్దండి. గుర్రం గుంపు, గొడుగాయన, మీసాలాయన, ఎండుచేప, చింతకాయ, వీటన్నిటి కింద దస్తగిరి పేరు కొట్టేసి నా పేరు, హుసేనమ్మ అని వేయండి. పోయినవాడి మీద గౌరవం అని వదిలిపెట్టకండి. ఆయనకు ఇవ్వాల్సిన గౌరవం వేరే ఉంది.

నల్లకోటామె పేజీలో నేనన్న పచ్చి టైలు మాట తీసేయండి. అది ఈర్ష్యతో అన్నది. ఆ అట్ట మీది వేలిముద్రను ఇక తుడవను. నాకు వచ్చిన మంచి మాట కూడా అక్కడ పెట్టను, అది ఆయన చోటు. ఆ పేజీ ఖాళీగా ఉంచి, మధ్యలో మూడు ఆదివారాలు ఆయన నోటి దాకా వచ్చి ఆగిపోయిన మాట ఒక్కటి వేయండి. కింద ఆయన పేరే పెట్టండి.

మోగుతాది.
దస్తగిరి